సద్ది పాఠాలు

పెద్దసారు పోయిండని ఫోనొచ్చేసరికి నేను బడిల కూసోని, వచ్చే మూడు నెలలల్ల పిల్లలకు ఏమేం వస్తదో సెల్‌ఫోన్ల ఎక్కిస్తున్న. తరగతికొక పేజీ, పాఠానికొక గడి, గడికొక టిక్కు. ఒకటో తరగతి అయ్యింది, రెండో తరగతి అయ్యింది, మూడో తరగతి కాడికొచ్చేసరికి ఫోన్ నడుమిట్ల సున్న గీసుకుంట తిరుగుడే తిరుగుడు. పక్క గదిల పిల్లలు ఎక్కాలు అరుస్తున్నరు. నా మోకాళ్ళు సలుపుతున్నయి. ఈ పని నేర్పేటందుకు మొన్న ఒక రోజు ట్రైనింగ్ పెట్టిన్రు. ఆడ చెప్పినామె నా వయసుల సగం కూడ లేదు, "ఇది శాన ఈజీ మేడం" అన్నది. ఈజీనే, ఎందుకు కాదు. టిక్కు కొట్టుడు ఎవరికైనా ఈజీనే. గంతలనే సారు కొడుకు ఫోను. "అక్కా, నాయిన పొద్దుగాల పోయిండు. నీకు చెప్పాలె గదా అని చేసిన" అన్నడు. చేతిల ఫోను, దాంట్ల మూడో తరగతి, గట్లనే కూసున్న.

సాయంత్రం వనపర్తికి పోయి చూసొచ్చిన. వాకిట్ల టెంటు కింద కుర్చీలు, కుర్చీలల్ల ఆయన దగ్గర సదువుకున్నోళ్ళు, ఆయనతోని పని చేసినోళ్ళు. అందరూ ఒక్కటే మాట, గసొంటి సారు మళ్ళ రాడు అని. నేను కాళ్ళకు మొక్కి పక్కకు కూసున్న. ఏడుపు రాలే. అలసట వచ్చింది, పది ఊర్లు నడిసొచ్చినట్టు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఇన్నేండ్లు నా దగ్గర్నే పెట్టుకున్న. పండుగకో పబ్బానికో ఫోన్ చేసినప్పుడు నాలుక కొస దాక వచ్చేది, మళ్ళ మింగేదాన్ని. ఇగ ఆయనకు చెప్పేది లేదు. అందుకే రాస్తున్న.

అప్పుడు మాది పెద్దమందడి. టీటీసీ చేసి ఇంట్ల ఖాళీగ కూసుంటే విద్యా వాలంటీరుగ తీసుకున్నరు. మా ఊరికి మూడు కిలోమీటర్ల అవతల, ఎర్రగట్టు అనే పల్లెల ప్రైమరీ బడి. రెండు గదులు, ఒక వరండ, ఐదు తరగతులు, పెద్దసారు, నేను. మా తాత నవ్వేటోడు. "పక్కా గాని కొలువు, పెండ్లి గాని పిల్ల, రెండూ మా ఇంట్లనే ఉన్నయి" అని వచ్చిపోయేటోళ్ళందరికీ చెప్పేటోడు. తెల్లారకముందే అమ్మ పొయ్యి ముందల కూసోని జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకే మేం లేచేటోళ్ళం. రొట్టె అంచు మాడిన వాసన, వాకిట్ల కుప్ప పోసిన పల్లికాయ మట్టి వాసన, అరుగు మీద తాత కాల్చే చుట్ట వాసన, మూడూ కలిసి ముక్కుకు తగిల్తే తెల్లారినట్టు. రెండు రొట్టెలు, జరంత ఎల్లిపాయ కారం గుడ్డల కట్టి అమ్మ నా చేతిల పెట్టేది. "సద్ది మర్సిపోకు" అని రోజు అనేది. నేను రోజు మర్సిపోయేదాన్ని. గల్మ దాటి వాకిట్లకొచ్చినంక వెనకకెళ్ళి పిలిచేది, మళ్ళ తిట్లు. ఇప్పుడు నా సంచిల స్టీలు డబ్బ ఉంటది, దాంట్ల రాత్రి అన్నం ఉంటది, పిలిచి తిట్టేటోళ్ళు లేరు.

పెద్దసారు మా ఇంటికి రెండు సందుల అవతల ఒక గది కిరాయికి తీసుకొని ఉండేటోడు, శనివారం వనపర్తికి పోయి సోమవారం పొద్దున వచ్చేటోడు. ఆయనకు సైకిల్ ఉండె. నన్ను ఎక్కించుకుంటే ఊరోళ్ళు ఏమంటరో అని ఎన్నడూ ఎక్కించుకోలే. అట్లని నన్ను ఇడిసిపెట్టి ఎక్కి కూడ పోలే. నా సంచి క్యారేజీకి పెట్టి, సైకిల్ నడిపించుకుంట మూడు కిలోమీటర్లు నాతోని నడిసేటోడు. అంగి జేబుల సుద్దముక్కలు కాయితంల చుట్టి పెట్టుకునేటోడు, ఉతుకంగ ఉతుకంగ ఆ జేబు కాడ తెల్లమరక పడ్డది. దవడకు వక్కముక్క. దారిల ఎవరు కనపడ్డా ఆపి అడిగేటోడు: మీ ఇంట్ల ఎవరు పోతున్నరు, ఎన్నడు పోతున్నరు, పిల్లలను తోలుకపోతున్నరా. పోవుడంటే ఏంది అని మా దిక్కు ఎవరూ అడగరు. బొంబాయో పూనానో, గుంపు మేస్త్రీ ఎటు తోలుకపోతే అటు, బిల్డింగులు కట్టే కాడికి. దసరా ఎల్లినంక కొత్తకోట రోడ్డు మీద మూటలు, బిందెలు, పిల్లలు, ముసలోళ్ళ ఏడుపులు. రెండు మూడు రోజులల్ల ఊరు సగం ఖాళీ అయ్యేది. మా బడి కూడ.

సారుకు ఒక పద్ధతి ఉండె. ప్రతి టర్మ్ మొదలుకాకముందు బడి బయటి గోడ మీద సున్నంతోని రాసేటోడు, ఈ మూడు నెలలల్ల ఏ తరగతి పిల్లలకు ఏమొస్తది అని. పుస్తకంల ఉన్న మాటలు కావు. "రెండో తరగతోళ్ళు బస్సు బోర్డు చదువుతరు. మూడో తరగతోళ్ళు దుకాణంల చిల్లర తప్పు రాకుంట తెస్తరు. నాలుగో తరగతోళ్ళు ఎవరూ చెప్పకుంట ఉత్తరం రాస్తరు. ఐదో తరగతోళ్ళు చెల్క భూమి కొలుస్తరు." గంతే. రాసినంక ఒకరోజు పొద్దున్నే, పనులకు పోకముందు, తల్లిదండ్రులను పిలిచి వరండల కూసోబెట్టి చదివి వినిపించేటోడు. సదువు రానోళ్ళకు గోడ మీద రాసుడెందుకు సార్ అని ఒకసారి అడిగిన. "నేను తప్పించుకోకుంట రాస్తున్న బిడ్డా, వాళ్ళ కోసం కాదు" అన్నడు. ఇప్పుడు నేను ఎక్కించేదాని పేరు అభ్యసన ఫలితాలు. అంకెలేసి, కోడ్లేసి, ఎక్కడో పట్నంల ఎవరో చూస్తరట. బడి ముందల నిలబడ్డ తల్లికి అండ్ల ఒక్క ముక్క సమజ్ కాదు. నిజం చెప్పాల్నంటే నాకు కూడ సగమే సమజ్ అయితది.

రెండో పద్ధతి ఇంకా ఇచ్చంత్రం. దసరా సెలవులకు రెండు వారాల ముందు, వలస పోయే పిల్లలను ఏరి వరండల వేరే కూసోబెట్టేటోడు. పుస్తకం ఎక్కడిదాక అయ్యిందో చూసేది లేదు. దసరా తర్వాత చెప్పాల్సిన పాఠాలల్లకెళ్ళి ముఖ్యమైనయి ముందుకు గుంజి, వాళ్ళకు అప్పుడే చెప్పేటోడు. సద్ది పాఠాలు అనేటోడు వాటిని. "ఊరికి పోయేటోనికి సద్ది కట్టియ్యమా? ఆడికి పోయినంక బడి లేదు, పంతులు లేడు. గీ నాలుగు ముక్కలు మూట కట్టిస్తే దారిపొడుగూత తింటరు" అనేటోడు. తనిఖీకొచ్చిన సార్లు తిట్టిన్రు, వరుస తప్పుతున్నవు, ప్లాన్ ప్రకారం పోతలేవు అని. సారు తల ఊపి, వాళ్ళు పోయినంక మళ్ళ అదే చేసేటోడు. నాకు కూడ అది తప్పనిపించేది. నేను టీటీసీల లెసన్ ప్లాన్‌కు మస్తు మార్కులు తెచ్చుకున్నదాన్ని. గుణింతం కాకుంట వాక్యం ఎట్ల, కూడిక కాకుంట పంపకం ఎట్ల అనుకునేదాన్ని. కొత్త బిచ్చగానికి పొద్దు తెల్వదన్నట్టు ఉండె నా కథ.

ఆ యేడు వానలు సరిగ్గ లేవు. పల్లి కాయ పట్టలే, పోయేటోళ్ళు ఎక్కువైన్రు. పైనుంచి ఒక మాట వచ్చింది, దసరా తర్వాత హాజరు తగ్గిన బడులల్ల వాలంటీర్లను తీసేస్తరని. ఎవరన్నరో తెల్వదు, కాయితం ఏదీ రాలే, గని నేను ఆ మాట నమ్మిన. తాత నవ్వుతడు, అమ్మ సంబంధాలు చూస్తది, ఇగ అయిపోయినట్టే. రాత్రి పండుకొని, ఎవరెవరి పిల్లలు పోతరో ఏళ్ళ మీద ఎంచుకునేదాన్ని. వాళ్ళ సదువు పాడైతదని కాదు, నా కొలువు పోతదని. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే సిగ్గయితున్నది.

ఆ టర్మ్ గోడ మీద రాసింది సారు చదివి వినిపించిన నాడు, వరండ కొసకు చెన్నమ్మ అనే ఆమె కూసున్నది. మొగడు కుర్మయ్య, అత్త ఈదమ్మ, నాలుగో తరగతిల బిడ్డ బాలమణి, ఇంకా నడక రాని చిన్న కొడుకు. పోయేటోళ్ళల్ల వాళ్ళు కూడ ఉన్నరు. పని కాడ చిన్నోణ్ణి ఎత్తుకునేటందుకు బాలమణిని తోలుకపోతున్నరు. సారు "నాలుగో తరగతోళ్ళు ఎవరూ చెప్పకుంట ఉత్తరం రాస్తరు" అని చదవంగనే చెన్నమ్మ లేచి నిలబడ్డది.

"ఎవలికి రాస్తరు సారూ?"

"ఎవలికైనా రాస్తరమ్మా. నువ్వు పూనల ఉన్నవనుకో, నీకే రాస్తరు."

అందరూ నవ్విన్రు. ఆమె నవ్వలే. "నాకా? నాకు ఇంతదాక ఎవలు రాయలే" అని మెల్లగ కూసున్నది.

ఆ మాట నేను పట్టుకున్న. మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి పోయిన. చెన్నమ్మ ఎండుమిరపకాయలు దంచుతున్నది, పూనకు తీసుకపోను కారం. ఆ ఘాటుకు నా కండ్లల్ల నీళ్ళు, ఆమె కొంగుతోని ముక్కు తుడుసుకుంటున్నది. పక్కకే ఈదమ్మ చిన్నోణ్ణి కాళ్ళ మీద పండవెట్టుకొని నూనె రాస్తున్నది. బాలమణి నన్ను చూసి చెంబుల నీళ్ళు తెచ్చి పెట్టి గోడకు నిలబడ్డది. సన్నగ, పెద్ద పెద్ద కండ్లు, మాట తక్కువ. అక్షరాలు మాత్రం ముత్యాల లెక్క రాసేది.

"చెన్నమ్మా, పిల్లను ఇడిసిపో. మంచిగ సదువుతది" అన్న.

"సదువుతది. గని సిన్నోణ్ణి ఎవలు వట్టాలె? నువ్వొస్తవా పూనకు?" అని నవ్వింది. మళ్ళ రోకలి ఆపి అన్నది, "పంతులమ్మా, ఆ ఉత్తరం రాసుడు ఇప్పుడే సెప్పరాదా? మీ సారు పోయేటోళ్ళకు ముందే సెప్తడంట గదా. నేర్సుకొని నాతోని వస్తది. ఆడికెళ్ళి మా అత్తకు రాస్తది, ఈడ ఎవలన్న సదివి పెడ్తరు. రెండు పనులు అయితయి."

ఎంత సక్కటి మాట అది. పెద్దసారు ఉంటే లేచి దండం పెట్టేటోడు. నేను మాత్రం, "అది ఇప్పుడు రాదు చెన్నమ్మా. గది పెద్ద పాఠం. ముందల శాన పాఠాలున్నయి, అవన్నీ అయితెనే అది వస్తది. మూడు నెలలు పడ్తది" అన్న. అన్నప్పుడు నాకది అబద్ధమనిపించలే. పుస్తకంల ఉత్తరం పాఠం ఆఖరునే ఉండె మరి.

చెన్నమ్మ బిడ్డ దిక్కు చూసింది, అత్త దిక్కు చూసింది. "మూడు నెల్లా" అన్నది. శాన సేపు దంచింది. తర్వాత రోకలి గోడకు పెట్టి నా ముందల కూసున్నది. "ఇడిసిపోతె రాస్తదా నిజంగ? నువ్వు రాసిచ్చుడు గాదు. అదే రాయాలె."

"అదే రాస్తది. చలి పోకముందే నీకు ఉత్తరం వస్తది. నాది జిమ్మ."

కుర్మయ్య వద్దనే అన్నడు. చిన్నోణ్ణి ఇసుక కుప్ప మీద వదిలి పని ఎట్ల చేస్తవని కోపం చేసిండు. చెన్నమ్మ వినలే. మేస్త్రీ కాడికి పోయి, పూనల వాళ్ళుండే కాడి చిరునామా కాయితం మీద రాయించుకొచ్చి బాలమణి చేతిల పెట్టింది. బాలమణి దాన్ని తెలుగు పుస్తకంల, ఉత్తరం పాఠం ఉన్న కాడ పెట్టుకున్నది. మర్నాడు వరండల సద్ది పాఠాలకు కూసున్న పిల్లలల్ల అది కూడ ఉంటే, "నువ్వు పోతలేవు గదా, లోపలికి రా" అని చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చిన. సారు చూసిండు. సాయంత్రం నడుసుకుంట వస్తుంటే, "పిల్లను ఆపినవంట, మంచిదే. గని దానికి కూడ ఆ ఉత్తరం పాఠం చెప్పు బిడ్డా, తర్వాత్తర్వాత అంటె కాదు" అన్నడు. "వరుసగ చెప్త సార్, ఈడ్నే ఉంటది గదా, తొందరేమున్నది" అన్న. ఆయన వక్క నములుకుంట నడిసిండు. ఎవరినీ రెండోసారి అనడు ఆయన. అనేటోడైతే ఎంత బాగుండు అని మస్తు సార్లు అనుకున్న.

దసరా ఎల్లింది. లారీలు పోయినయి. వరండ ఖాళీ. నాలుగో తరగతిల ఏడుగురు మిగిలిన్రు. హాజరు పట్టి చూడనీకి ఎవరూ రాలే, నా కొలువు మాట ఎవరూ ఎత్తలే. నేను నా ప్లాన్ ప్రకారం పాఠానికి పాఠం, అభ్యాసానికి అభ్యాసం చెప్పుకుంట పోతున్న. బాలమణి రోజు వచ్చేది. రోజు ఇంటికి పోయేముందు నా టేబుల్ కాడికొచ్చి నిలబడేది. "టీచర్, ఉత్తరం పాఠం ఎన్నడు?" "ఇంకా ఐదు పాఠాలున్నయి." వారం పోయినంక మళ్ళ, "టీచర్, ఇంకెన్ని?" "నాలుగు." మధ్యల పరీక్షలొచ్చినయి, పరీక్షలకు ముందు రివిజను, తర్వాత పేపర్లు దిద్దుడు. "ఇంకెన్ని టీచర్?" "అదే నాలుగు. ఊకె అడగకు, చెప్పినప్పుడు చెప్త గదా" అని ఒకనాడు కసిరిన కూడ. అటెన్క అడుగుడు బంద్ చేసింది. ఊరికె వచ్చి నిలబడి పోయేది.

చలికాలంల డీఎస్సీ పడ్తదని పేపర్ల వచ్చింది. నాతోని టీటీసీ చేసిన దోస్తు ఒకామె మహబూబ్‌నగర్‌ల కోచింగ్‌ల చేరుతున్న, గదిల చోటుంది, రెండు రోజులల్ల రాకుంటె ఇంకొకరికి ఇస్త అని కబురు పెట్టింది. మా ఇంట్ల సంబురం. తాతనే అందరికంటె ముందు "పో, పో, పక్కా కొలువు తెచ్చుకో" అన్నడు. సారుకు చెప్తే ఒక్క మాట కాదనలే. "పో బిడ్డా. నీ బతుకు నువ్వు చూసుకోవాలె. రేపొక్క రోజు ఉన్నది గదా, ఆ చెన్నమ్మ బిడ్డకు ఉత్తరం చెప్పి పో" అన్నడు. చెప్త సార్ అన్న. మర్నాడు రిజిస్టర్లు అప్పజెప్పుడు, పిల్లలు ఏడ్సుడు, వంట చేసేటామె పాయసం చేసుడు, గిట్లనే గడిసిపోయింది. మూడు పాఠాలు మిగిలినయి, మూడు దునికి ఎట్ల చెప్పాలె అని కూడ ఒక మూల అనిపించింది. నిజం. అప్పటికి కూడ నాకు వరుసనే పట్టింపు. సాయంత్రం సైకిల్ నడిపించుకుంట సారు అడిగిండు.

"చెప్పినవా ఉత్తరం?"

నేను తల ఊపిన.

నోటితోని అబద్ధమాడలే, తల మాత్రం ఊపిన. ఆయనకు చెప్పాల్సిన మాట ఇదే. నేను తల ఊపినందుకే ఆయన మళ్ళ ఆ పిల్లకు ఆ పాఠం చెప్పలే. అయ్యిందనుకున్నడు. నేను పోయినంక ఆయనను ఏదో ఇంటింటి లెక్కల పనికి తోలిన్రంట. వారంల మూడు రోజులు బడికి తాళమే. నేను మహబూబ్‌నగర్‌ల మంచం మీద కూసోని, పిల్లల మనస్తత్వం, బోధన పద్ధతులు అని గట్టిగ అరుసుకుంట బట్టీ పట్టిన. పిల్లల గురించి అంత సదువుకుంట ఒక్కనాడు ఒక్క పిల్ల మతికి రాలే నాకు.

పరీక్ష రాసి ఇంటికొచ్చి శాన రోజులైంది. మృగశిర పోయింది, ఆషాఢం వచ్చింది, వాన చుక్క లేదు. ఒకనాడు మధ్యాహ్నం వాకిట్ల ఎవరో నిలబడ్డట్టుంటే పోయి చూసిన. చెన్నమ్మ. చంకల చిన్నోడు, నెత్తి మీద మూట. వెనక బాలమణి, పుస్తకాల సంచి ఏసుకొని ఉన్నది. కుర్మయ్య బస్టాండు కాడ మిగిలిన మూటలకు కావలున్నడట. ఉగాదికొచ్చిన్రు, వానలు లేవని ఈదమ్మను చుట్టాలింట్ల ఉంచి మళ్ళ పోతున్నరు. బస్సుకు ఇంకా టైమున్నదని వచ్చిన్రు. నేను లోపలికి రమ్మంటె రాలే, అరుగు మీద కూసున్నది.

"ఏడాది ఆగమైంది పంతులమ్మా" అన్నది. గొంతుల కోపం లేదు. కోపముంటె నాకు బాగుండు. "పూనల ఎన్నిమాట్ల అడిగిన్నో మేస్త్రీని, ఉత్తరమొచ్చిందా ఉత్తరమొచ్చిందా అని. ఆడోళ్ళు నవ్విరి. ఉత్తరం చెన్నమ్మ అని పేరు వెట్టిరి. రాకవాయె. నేనేమో పిల్ల మంచిగున్నది గావట్టె రాస్తలేదు అనుకున్న. వచ్చి సూస్తె మా అత్త మంచాన వడ్డది. చలికాలమే వడ్డదంట. గీ పిల్లనే వండింది, గీ పిల్లనే ఎత్తి కూసోవెట్టింది. బడికి ఏడ వోతది."

బాలమణి కుడిచెయ్యి వెనకకు పెట్టుకొని నిలబడ్డది. ఏందని గుంజి చూస్తె మణికట్టు కాడికెళ్ళి మోచేతి దాక కాలిన మచ్చ, తోలు మెరుస్తున్నది. గంజి వంచుతుంటే కాలిందంట. "దవాఖానకు పోయిన్రా" అని అడిగిన. గిసొంటి పిచ్చి ప్రశ్నలు మనిషికి ఎందుకు వస్తయో.

గప్పుడు బాలమణి నోరు తెరిసింది. "టీచర్, ఉత్తరం ఇప్పుడు చెప్తవా?"

లోపలికి పోయి నోటుబుక్కుల కాయితం చింపి తెచ్చిన. అరుగు మీద దాని పక్కన కూసున్న. కుడిదిక్కు పైన ఊరు పేరు, తారీఖు. దాని కింద ఎడమదిక్కు ఎవరికి రాస్తున్నమో వాళ్ళ పిలుపు. నడుమ నువ్వు చెప్పాలనుకున్నది, ఇంట్ల ఎట్ల మాట్లాడుతవో గట్లనే. కింద నీ పేరు. ఇంగ ఈ వెనక దిక్కు చిరునామా. గంతే చెప్పిన. చెప్పేటందుకు ఇంకేమీ లేకుండె. అది ఒకసారి తల ఊపి, కాలిన చేతితోనే పెన్ను పట్టుకొని రాయవట్టింది. మా అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది, చెన్నమ్మ తాగింది, చిన్నోనికి తాపింది. ఆ గ్లాసులు కడిగి లోపల పెట్టకముందే బాలమణి రాసుడు అయిపోయింది. అవే ముత్యాల లెక్క అక్షరాలు.

"సదువు పంతులమ్మా" అన్నది చెన్నమ్మ.

సదివిన. "అమ్మకు, బాలమణి రాసేది. అవ్వ లేస్తలేదు. నేనే వండుతున్న. నిన్న చెయ్యి కాలింది, అవ్వ పసుపు పెట్టమని చెప్పింది, పెట్టుకున్న. తమ్ముడు నడుస్తుండా. బడికి పోత లేను. నువ్వు జల్ది రా అమ్మా. నాకు భయమైతున్నది. నీ బిడ్డ బాలమణి."

తల్లి పక్కకే కూసున్నది. చేతికి అందేటంత దూరంల. అయినా ఆ పిల్ల చలికాలంల రాయాల్సిన ఉత్తరమే రాసింది. అన్ని నెలలు కడుపుల పెట్టుకున్నది ఉన్నదున్నట్టు తీసి కాయితం మీద పెట్టింది. సగంల ఆగి, మళ్ళ మొదటికెళ్ళి సదివిన.

చెన్నమ్మ ఉత్తరం నా చేతిలకెళ్ళి తీసుకొని, ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసింది. సదువు రాని మనిషి, అయినా ఒక్కో వరుస మీద ఏలు పెట్టి కిందిదాక పోయింది. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది.

"గింతేనా పంతులమ్మా?"

నాకు ముందల సమజ్ కాలే.

"నేర్సుడు గింత సేపేనా? మూడు నెలలు వడ్తదంటివి గదా."

రోడ్డు దిక్కు కుర్మయ్య పిలుస్తున్నడు, బస్సొచ్చిందని. బాలమణి నా పెన్ను నా పక్కన పెట్టి లేచి నిలబడ్డది. ఇంకో అబద్ధం కోసం ఎతికిన, దొరకలే.

"గింత సేపే చెన్నమ్మా" అన్న.